తెడ్డు వేసిన చక్రము

ఇసుక చూపునకు నేలవలె నుండును, నడతకు నీటివలె నుండును. గట్టి నేల చక్రమును మోయును. నీరు పడవను తేల్చును. ఈ రెండింటి నడుమ నిలిచిన ఇసుక మాత్రము, ఏ రేణువునకు ఆ రేణువు విడివిడిగా నుండుటచేత, తనపై పడిన భారమునకు ప్రక్కలకు తొలగి, కదలజూచిన చక్రమును తనలోనికి దించుకొనును. ఏటి ఇసుకలో కుదురుకొన్న బండిని ఎడ్లను అదలించియు, ఆకులు పట్టి త్రిప్పియు ఒడ్డు చేర్చిన మన పల్లెవాసులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నేడు ఎడారి తిన్నెలపై పరువెత్తు నాలుగు చక్రముల క్వాడ్ బండ్ల వెనుక చక్రములకు, నునుపైన టైరుపై అడ్డముగా లేచిన రబ్బరు తెడ్లు కానవచ్చును. ఇసుకను జయింపబోయి పలుమారులు ఓడి, తుదకు దాని స్వభావమును తెలిసికొని దానితో పొత్తు కుదుర్చుకొనిన మానవుని చరిత్ర ఆ తెడ్డు టైరు వెనుక నున్నది. ఆ చరిత్రలో ఒక పెద్ద భాగము అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ మూలనున్న ఆల్గొడోనెస్ తిన్నెలపై వ్రాయబడినది.

మెక్సికో సరిహద్దునుండి వాయవ్యముగా సుమారు 45 మైళ్ళ పొడవున వ్యాపించి, కొన్నిచోట్ల 300 అడుగుల ఎత్తునకు లేచియున్న ఆ తిన్నెలు, మోటారు కార్లు వచ్చిన తొలి దినములలో శాన్ డియేగోనుండి తూర్పునకు పోవు బాటకు పెనుగోడవలె నిలిచెను. 1912లో ఎడ్ ఫ్లెచర్ అను శాన్ డియేగో వర్తకుడు, తన ఊరినుండి ఫీనిక్సు నగరమునకు ఈ త్రోవయే దగ్గరయని నిరూపింపదలచి కారుపై బయలుదేరెను గాని, తిన్నెలకడకు వచ్చుసరికి ఆరు గుఱ్ఱములను పూన్చి ఆ కారును ఇసుకపై లాగింపవలసి వచ్చెను. ఆయన పూనికతోనే 1915లో పదమూడు వేల పలకలు తెప్పింపబడి, కుడి చక్రములకు ఒక వరుస, ఎడమ చక్రములకు ఒక వరుసగా ఇసుకపై పరచబడెను. ఆ బాట ఏడాది తిరుగునప్పటికే శిథిలము కాగా, 1916లో రహదారుల శాఖవారు ఎనిమిది అడుగుల వెడల్పును పన్నెండు అడుగుల పొడవును గల కఱ్ఱ చట్రములను ఇనుప పట్టీలతో బిగించి, వరుసగా పేర్చి క్రొత్త బాట వేసిరి. ఎదురుపడిన బండ్లు తప్పుకొనుటకు వెయ్యి అడుగులకొకచోట వెడల్పైన తావులుండెను. అయినను గాలి వీచినప్పుడెల్ల ఇసుక బాటను కప్పుచునే యుండెను. కంచర గాడిదలను కట్టిన పారలతో దానిని తొలగించుచునే యుండిరి. తిన్నె జరిగినప్పుడు చట్రములనే పెకలించి మఱొకచోట పరచుచుండిరి. 1926లో తారు రోడ్డు వచ్చువరకు పదునొకండేండ్లు ఈ పోరాటము సాగెను.

చక్రము మారనొల్లక నేలనే మార్చుకొనజూచుట మానవుని తొలి యత్నము. ఆ కాలముననే సహారా ఎడారిలో రెండవ యత్నము జరిగెను. అడాల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచి యంత్రశిల్పి, పూర్వము రష్యా చక్రవర్తి మోటారు శాలలో పనిచేసి, మంచుపై నడచుటకై కారు వెనుకభాగమున రబ్బరు పట్టాలను అమర్చియుండెను. సిత్రోయెన్ సంస్థవారు ఆ విధానమును గ్రహించి ఐదు బండ్లను సిద్ధపరుపగా, హార్ట్, ఓదువాఁ-దుబ్రోయి అనువారి నాయకత్వమున అవి 1922 డిసెంబరులో అల్జీరియాలోని తుగ్గుర్తునుండి బయలుదేరి, 1923 జనవరి 7వ తేదీన తింబక్తూ చేరెను. సహారాను మోటారు బండ్లు దాటుట అదియే ప్రథమము. ఒకరు పరచినగాని పోలేని బాటను ఈ బండ్లు తమ వెంటనే తెచ్చుకొని, ముందు పరచుకొనుచు, వెనుక చుట్టుకొనుచు పోయినవి. కాని పట్టా బరువైనది, వేగమును సహింపనిది, త్వరగా అరుగునది.

మూడవ త్రోవను చూపినవారిలో అగ్రగణ్యుడు రాల్ఫ్ బాగ్నోల్డ్. బ్రిటిషు సైన్యమున ఉద్యోగియై 1926లో ఈజిప్టునకు వచ్చిన ఈయన, సెలవు దినములలో మిత్రులతో గూడి సామాన్యమైన ఫోర్డు కార్లపై లిబియా ఎడారిలోనికి చొచ్చుకొనిపోయెను. టైర్లలో గాలి తగ్గించినచో అవి నేలపై పఱచుకొని భారమును విస్తారమైన తావున పంచునని, కూరుకుపోయిన చక్రము క్రింద ఉక్కు రేకులను త్రోసి బండిని పైకి తీయవచ్చునని, వేగముగా పోయినచో గట్టిగా పేరుకొన్న తిన్నె కారును మోయగలదని ఈయన బృందము అనుభవముచే తెలిసికొనెను. ఇసుకను శత్రువుగా గాక శాస్త్ర విషయముగా చూచుట ఈయనయందలి విశేషము. గాలి ఇసుకనెట్లు ఎగురవేయును, రేణువులెట్లు గంతులు వేయును, తిన్నెలెట్లు పుట్టి పెరిగి నడచునని ప్రయోగములు చేసి, 1941లో ఈయన ప్రకటించిన గ్రంథము నేటికిని ప్రమాణమైయున్నది. గాలికెదురైన వాలు గట్టిపడియుండుననియు, గాలిచాటు వాలు సుమారు 34 అంశల కోణమున మెత్తగా జారుచుండుననియు నేడు తిన్నెలెక్కు ప్రతివాడును ఎఱుగవలసిన మాటకు ఆ విజ్ఞానమే పునాది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము కథ మరల కాలిఫోర్నియాకు వచ్చుచున్నది. సముద్రతీరపు తిన్నెలపై యువకులు పాత కార్లను విప్పి, బరువు తగ్గించి, వెడల్పైన టైర్లు తొడిగి నడుపసాగిరి. 1964లో బ్రూస్ మేయర్స్ అను పడవల శిల్పి, ఫైబర్ గ్లాసు తొట్టికి ఫోక్స్‌వాగన్ బీటిలు కారు ఇంజను మున్నగు భాగములను అమర్చి మేయర్స్ మాంక్స్ అను బండిని నిర్మించెను. పడవలు చేసిన చేయి ఇసుకబండిని రూపొందించుట ఎంతయు సముచితముగా నున్నది. ఇంజను వెనుకనుండుటచే త్రోయు చక్రములపైననే బరువు పడుట దానికి గొప్ప బలమయ్యెను. ఇట్టి బండ్లతో ఇసుకపై పందెములు సాగిన కాలముననే, గాళ్ళు గల మామూలు టైరు ఇసుకను త్రవ్వుకొని దిగిపోవుచున్నదని గ్రహించిన ఔత్సాహికులు, అరిగి నునుపెక్కిన టైర్లపై అడ్డముగా రబ్బరు పట్టీలను అంటించి తెడ్డు టైర్లను చేసికొనిరి. పలక బాటయు, పట్టాయు, గాలి తగ్గించిన టైరును ఇసుకపై మునుగకుండ నిలుచుటకే ఉద్దేశింపబడినవి. తెడ్డు మాత్రము ఇసుక కదలునను సత్యమును అంగీకరించి, ఆ కదలికనే ఊతగా గొని, నీటిని వెనుకకు నెట్టి పడవ ముందునకు పోవునట్లు, ఇసుకను వెనుకకు విసరి బండిని ముందునకు త్రోయును.

1970లో హోండా సంస్థ మెత్తని పెద్ద టైర్లు గల మూడు చక్రముల బండిని అమెరికాలో అమ్మనారంభించెను. 1982లో సుజుకీవారి నాలుగు చక్రముల క్వాడ్ వచ్చెను. మూడు చక్రముల బండ్లు తిరుగబడి ప్రమాదములు మిక్కుటము కాగా, 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికచే అచ్చట వాని విక్రయము నిలిచిపోయెను. 1987లో వచ్చిన యమహా బాన్షీ, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజనుతో తిన్నెల విహారులకు ప్రాణప్రదమయ్యెను. ఇంజనును పెంచి, వెనుక చక్రములను మోయు చేతిని (స్వింగార్మును) పొడిగించి, ఇట్టి బండ్లను ఇసుకకై మార్చుకొనువారు పెరిగినకొలది, తెడ్డు టైరును ఎంచుకొనుట ఒక విద్యగా పరిణమించెను.

ఆ విద్యయందు తొలి సూత్రము, టైరు ఇంజనునకు తగియుండవలెననునది. తెడ్లు ఎక్కువైనను, ఎత్తు మిక్కిలియైనను పట్టు పెరుగును గాని, చిన్న ఇంజను ఆ ఇసుకనంతయు విసరలేక ఊపిరాడక నిలిచిపోవును. బలమైన ఇంజనునకు తక్కువ తెడ్లు వేసినచో చక్రము వ్యర్థముగా తిరిగి గుంట చేసికొనును. అందుచేత స్వల్పశక్తి గల బండికి ఆఱెనిమిది పొట్టి తెడ్లును, శక్తి హెచ్చినకొలది అధిక సంఖ్యయు అధికమైన ఎత్తును ఎంచుకొందురు. నడుపువాని బరువు, ఇసుక సన్నదనము, దాని తడియు ఈ లెక్కలోనికి వచ్చును. టైరు ఎత్తు పెరిగినచో గేరు బరువగును గనుక చెయిను తిరుగు స్ప్రాకెట్ల పళ్ళనుగూడ సరిచూచుకొనవలెను. నిటారుగా పరువెత్తుటకు తిన్నని తెడ్లును, తిన్నెలపై మలుపులు తిరుగుటకు నడుమ వంగిన తెడ్లును మేలు. దోసిలివలె లోతైన తెడ్డును దోసిలి ఇసుకను ఎత్తిపోయునట్టి దిశలోనే బిగింపవలెను; తిరుగవేసినచో బలము వృథా. ముందు చక్రములకు తెడ్లు కూడవు; నడిమి గట్టు ఒక్కటి గల నునుపు టైరు, పడవ అడుగు దూలమువలె ఇసుకను కోసి బండిని త్రిప్పును. గాలి చదరపు అంగుళమునకు కొద్ది పౌనులే చాలును.

ఈ తెడ్డు మనకు అపరిచితము కాదు. కృష్ణా గోదావరి మండలములలో వరిమడిని దమ్ము చేయునపుడు ట్రాక్టరునకు బిగించు ఇనుప దమ్ము చక్రములు ఈ తెడ్డు టైరునకు జ్ఞాతులే; బురదయు ఇసుకవలె పట్టునీయనిది, దానిని వెనుకకు త్రోసియే ముందునకు పోవలెను. దమ్ము చక్రముతో తారు రోడ్డెక్కినవాడు రోడ్డును పాడుచేయును. తెడ్డు టైరుతో గట్టి నేల నెక్కినవాడు తెడ్లను చింపుకొనును. ఏ చక్రమునకు ఆ నేలయే తావు.

ఆల్గొడోనెస్‌లో నేడు మాస్టుపై ఎనిమిది అడుగుల ఎత్తున జెండా ఎగురవేసిన బండ్లే తిన్నెలపై తిరుగవలెను. తిన్నె ఆవలివైపునుండి వచ్చువాడు కనబడడు గనుక ఈ కట్టడి. 78వ నంబరు రహదారికి ఉత్తరమున ఉన్న తిన్నెలలో పెక్కుభాగము 1994 చట్టముచే వన్యభూమిగా రక్షింపబడి మోటారు చక్రమునకు నిషిద్ధమైనది. దక్షిణమున విహారులకు విడిచిన తిన్నెలలోను, ఆ ఇసుకనే నమ్ముకొని బ్రతుకు అపురూపమైన మొక్కల కొఱకు కొన్ని భాగములను మూసియుంచిన కాలములున్నవి. ఇసుకనెట్లు దాటవలెనని ఇన్నేండ్లు నేర్చిన మానవుడు, ఎచ్చట దాటక ఆగవలెనో అదియు నేర్చుకొనుట ఆ విద్యకు పరిపూర్తియని నా దృఢవిశ్వాసము. ఆ తిన్నెల దక్షిణపు కొసన పలక బాట ముక్కలు ఇంకను భద్రపరుపబడియున్నవి. తెడ్డు టైరు బిగించి ఆ వైపు పోవు ప్రతి యువకుడును బండి దిగి, ఎండకు బీటలువాఱిన ఆ పలకలను ఒకమారు చేతితో తాకిచూచినచో, తన చక్రము ఏ ఓటములనుండి పుట్టినదో తెలిసికొనగలడు.