పద్మనాభ యుద్ధము – హక్కుల యుగము

భోగాపురమునకు పడమటగా కొన్ని క్రోసుల దూరమున పద్మనాభము కొండ కలదు. కొండపైన అనంతపద్మనాభస్వామియు, దిగువను కుంతీమాధవస్వామియు వెలసియున్నారు. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన ఆ కొండ దాపున విజయనగర ప్రభువు పూసపాటి చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరి నేలకొరిగెను. సరిగా పదునెనిమిది దినములకు, అదే నెల 28వ తేదీన, పారిసు నగరమున విప్లవనాయకుడు రోబెస్పియరు శిరచ్ఛేదము జరిగెను. ఈ రెండింటికిని నేరుగా సంబంధము లేదు. కాని వానిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఆ యుగమునంతటిని కలచివేసిన ప్రశ్న మనకు స్పష్టమగును. పాలించు అధికారము ఎవరినుండి వచ్చును? పన్ను విధించు హక్కు ఎవరిది?

ఐరోపాలో ఈ ప్రశ్నను గూర్చి విద్వాంసులు ఇంచుమించు ఒక శతాబ్దకాలము తర్కించిరి. ప్రాణము, స్వేచ్ఛ, ఆస్తి మనుష్యునకు స్వభావసిద్ధమైన హక్కులనియు, వానిని కాపాడుటకే ప్రభుత్వము ఏర్పడినదనియు, కాపాడనిచో ప్రజలు దానిని మార్పవచ్చుననియు ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. శాసనము చేయుట, అమలు జరుపుట, న్యాయము తీర్చుట ఒక్క చేతిలో ఉండరాదని 1748లో ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ హెచ్చరించెను. సార్వభౌమాధికారము ప్రజలదేయని 1762లో రూసో ఉద్ఘాటించెను.

పుస్తకములలోని మాటలు వీధిలోనికి వచ్చుటకు ఎంతో కాలము పట్టలేదు. తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమపై పన్ను వేయరాదని అమెరికా వలసల ప్రజలు ఎదురుతిరిగిరి. 1773 డిసెంబరులో వారు బోస్టను రేవున 342 పెట్టెల తేయాకును సముద్రమున పారబోసిరి. ఆ తేయాకు ఎవరిది? మన ఉత్తర సర్కారులను 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానుచేత సంపాదించిన ఈస్టిండియా కంపెనీదే! 1776 జూలై 4న అమెరికా స్వాతంత్ర్యప్రకటన వెలువడెను. 1781లో యార్కుటౌనువద్ద అమెరికనులకు లొంగిపోయిన సేనాని కారన్‌వాలిసు 1786లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత శిస్తు పద్ధతిని నెలకొల్పెను. అచ్చట హక్కుల పోరాటమున ఓడినవాడు ఇచ్చట హక్కులను పంచిపెట్టువాడాయెను!

1789 ఆగస్టు 26న ఫ్రాన్సు జాతీయసభ మానవహక్కుల ప్రకటనను అంగీకరించెను. మనుష్యులు పుట్టుకతోనే స్వతంత్రులు, సమానులు అనునది దాని సారాంశము. పన్ను ఎంతయో, ఎందులకో విచారించు అధికారము పౌరులకు ఉండవలెనని కూడ ఆ ప్రకటన చెప్పినది.

ఆ సంవత్సరములలోనే ఇచ్చట విజయనగరమున ఏమి జరుగుచుండెనో చూతము. ఫ్రెంచివారిని వెడలగొట్టుటకై 1758లో ఆంగ్లేయులను పిలిచినవారు ఈ సంస్థానమువారే. ఆ స్నేహము నిలువలేదు. కంపెనీ పేష్కషును పెంచెను, సైన్యమును తగ్గింపుమనెను, బాకీల నెపమున 1793లో సంస్థానమును జప్తు చేసెను. నెలకు 1,200 రూపాయల భరణము గ్రహించి మచిలీపట్నమునకు పొమ్మని రాజును ఆదేశించెను. ఆయన పోలేదు, పద్మనాభమున విడిదిచేసి నిలిచెను. లెఫ్టినెంటు కర్నలు ప్రెండర్‌గాస్టు నాయకత్వమున సేనలు వచ్చి పైబడెను. పోరు గంటసేపైనను సాగలేదు. రాజుతోపాటు ఆయనను వీడని అనుచరులు పెక్కుమంది అసువులు బాసిరి.

దీనిని మనము విప్లవమనవచ్చునా? నిజము చెప్పవలెనన్న అనరాదు. రాజు తన వంశగౌరవము కొరకు, తన సంస్థానము కొరకు పోరాడెను. ఆ శౌర్యమును ఈ సీమ మరువలేదు, మరువరాదు. కాని శిస్తు చెల్లించు రైతునకు శిస్తు నిర్ణయమున మాట ఉండవలెనన్న ఊహ ఆ సమరభూమిలో ఏ పక్షమునను లేదు. రాజు కుమారుడు నారాయణబాబునకు కంపెనీ సంస్థానమును తిరిగి ఇచ్చెను. 1802లో శాశ్వత పైసలాయెను. పేష్కషు ఐదు లక్షల రూపాయలు. హక్కు జమీందారునకు వ్రాయబడెను. దున్నువాని పేరు ఆ సనదులో లేదు.

ఇందులకు మనము ఐరోపానుచూచి చిన్నబుచ్చుకొన నక్కరలేదు. సర్వమానవ సమానత్వమును ప్రకటించిన అమెరికాలో బానిసలు బానిసలుగనే ఉండిరి. ఫ్రాన్సులో స్త్రీలకును హక్కులు కావలెనని 1791లో వ్రాసిన ఒలింపు ద గూజ్ 1793లో వధ్యస్థానమున ప్రాణము విడిచెను. 1794 ఫిబ్రవరిలో ఫ్రెంచివారు రద్దుచేసిన బానిసత్వమును 1802లో నెపోలియను మరల స్థాపించెను. మన సీమలో శాశ్వత పైసలా జరిగినదియు ఆ యేడే. భావము పుట్టినంతనే అది అందరి సొత్తు కాదు. వెలుపల నిలిచినవారు తలుపు తట్టినకొలది దాని హద్దులు విస్తరించును.

మన సీమలోను అట్లే జరిగినది. పద్మనాభ యుద్ధము జరిగిన నూరేండ్లలోపుననే, 1892లో, గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ విజయనగరమున ప్రదర్శింపబడెను. అమ్ముడుపోవు బాలికయు ఒక మనిషియేయన్న న్యాయము రంగస్థలమునకెక్కెను. మద్రాసు శాసనసభ 1948లో చేసిన చట్టముచే జమీందారీలు రద్దయి, దున్నువానికి పట్టా లభించు మార్గ మేర్పడెను. 1949 నవంబరు 26న మనము స్వీకరించిన రాజ్యాంగపు పీఠికలో స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము అను మాటలు చేరినవి. అవి పారిసునుండి వచ్చిన మాటలే కావచ్చును. కాని ఆ పీఠికను ఏ రాజుపేరునను గాక ‘ప్రజలమగు మేము’ అని మనమే ఆరంభించితిమి.

పద్మనాభము కొండ మెట్లెక్కినచో చుట్టును పొలములు కనబడును. నాడు ఆ పొలములను గూర్చి ఇద్దరు పోరాడిరి. దున్నినవాని నెవరును అడుగలేదు. నేడు వానిని అడుగక ప్రభుత్వము నిలువదు. ఈ మార్పు ఒక్క యుద్ధమున వచ్చినది కాదు. అడుగుట మనము మానినచో అది నిలుచునదియు కాదు.