మింజూరు నుంచి పళవేర్కాడు దాకా, ఒక పూట తిరుగుడు

"ఇక్కడ చూడ్డానికి ఏముంది అత్తయ్యా?" అని అడిగాడు మా అక్క అల్లుడు. బెజవాడ అబ్బాయి. అతన్ని అనేదానికి లేదు. సెంట్రల్లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి మింజూరులో దిగినోళ్ళకి కళ్ళబడేవి కంటైనర్ లారీలు, బొగ్గు దుమ్ము, గేటు కాడ నిలబడిపోయిన బండ్లు. అంతకు ముందురోజు రాత్రి ఇంకో మాట కూడా అన్నాడు. మా మామ "నిన్న మేము పొన్నేరికి పోయి వస్తిమి" అంటే నవ్వి, "తాతగారిది కాస్త తమిళం కలిసిన తెలుగు కదా" అన్నాడు.

మామ ఏమీ అనలేదు. పొద్దున్నే ఒక ఆటో మాట్లాడుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. "బిన్నా ఎక్కండి. మద్దేనానికంతా తిరిగొచ్చేస్తాము" అన్నాడు. అల్లుడూ, నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా పాపా ఎక్కినాము. డెబ్బై దాటిన మా మామే మాకు ఆ పూటకి గైడు.

మొదట ఊళ్ళోనే రెండు గుళ్ళు. ఏకాంబరేశ్వరుడిది ఒకటి, వరదరాజ పెరుమాళ్ళది ఒకటి. కంచిలో ఉండే శివుడూ విష్ణువూ ఇద్దరూ ఇక్కడా ఉండారు గనక మింజూరును వడకాంచి అంటారు, ఉత్తర కంచి అని. ఆడనుంచి దేవదానం రంగనాథుడి కాడికి. ఆ ఊరికి వడశ్రీరంగం అని పేరు. దండం పెట్టుకుని వచ్చేసినాము, ఎక్కువసేపు నిలవలేదు.

మామ ఎక్కువసేపు నిలబడింది ఒక పాడుబడిన బావి కాడ. "ముందర ఈ నీళ్ళే తాగతా ఉంటిమి" అన్నాడు. ఇది ఒక్క బావి కథ కాదు. మద్రాసు దాహానికి 1960ల నుంచి ఈ చుట్టుపక్కల బోర్లు వేసి నీళ్ళు తోడుకుపోయినారు. నేల అడుగున తియ్యనీళ్ళు తగ్గేకొద్దీ ఆ జాగాలోకి సముద్రం నీళ్ళు వచ్చి చేరినాయి. భూగర్భజలాల గురించి చదివే పిల్లోళ్ళకి మింజూరు ఒక పాఠమే అయిపోయింది. 2010లో ఈ పక్కనే కాట్టుపళ్ళిలో సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు పెట్టినారు, రోజుకు 10 కోట్ల లీటర్లు. దానికి మింజూరు ప్లాంటు అని పేరు, నీళ్ళు మాత్రం పట్నానికి. అల్లుడు ఆ బావిని ఫోటో తీసుకున్నాడు. గుడి కాడ తియ్యలేదు.

పొన్నేరి దాటేటప్పుడు ఆరణి ఏరు వచ్చింది. "పాపా, ఏరు కాడ రొంతసేపు దిగుదామా?" అన్నాడు మామ. మా పాప ఏటి వైపు చూడకుండా రోడ్డుకు అవతల చెరువు కోసం ఎతికింది. తమిళంలో ఏరి అంటే చెరువు. నది అయితే ఆరు. మన ఏరూ వాళ్ళ ఆరూ అక్కాచెల్లెళ్ళ లాంటి మాటలు. పాప చెవికి మాత్రం మామ మాట తమిళంగానే చేరింది. మామ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నా.

ఆ ఏటి గట్టు మీదే వస్తిమి పంచాయితీ తేలింది. మామ తెలుగు చదివింది బడి వరండాలో, కానీ గట్టిగా చదివినాడు. "అబ్బయా, నువ్వు వచ్చాము అంటావు. పుస్తకంలో వచ్చితిమి అని ఉంటాది. మేము వస్తిమి అంటాము. ఈ రెండిట్లో పుస్తకానికి దగ్గరుండేది ఏది?" అని అడిగాడు. అల్లుడి కాడ జవాబు లేదు. గ్రాంథికంలో వచ్చితిని, పోతిమి అని రాసిన రూపాలు ఈ దక్షిణపు మూలన నోళ్ళలో బతికే ఉన్నాయి, నెల్లూరు, చిత్తూరు, మా చెంగల్పట్టు వైపు. ఇంకో ముచ్చట కూడా మామ చెప్పినాడు. 1858 నాటి బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయసూరిది శ్రీపెరుంబూదూరు. అది అప్పటి చెంగల్పట్టు జిల్లాలోదే. తెలుగుకు వ్యాకరణం రాసిచ్చిన జిల్లా తెలుగు ఇప్పుడు సగం తమిళం అనిపించుకుంటా ఉండాది! తర్వాత పత్రికలు, సినిమాలు, పాఠాలు అన్నీ కృష్ణా గోదావరి డెల్టా మాటను పట్టుకున్నాయి. అదే మంచి తెలుగు అయింది. డెల్టా మాటను నేను తప్పు పట్టను, మేము కూడా ఆ సినిమాలే చూస్తిమి. టెంకాయ అనగానే తమిళమా అని అడిగేవాళ్ళు మాత్రం ఒకసారి బ్రౌను దొర 1852 నిఘంటువు తిరగేస్తే మేలు. టెంకాయా ఉంది, అంగడీ ఉంది, మా కయ్యా ఉంది.

మా మాటలో తమిళం కలవలేదని కాదు. బాగా కలిసింది. ఉర్లగడ్డ ఎక్కడిదో అందరికీ తెలుసు. ఏది కలిసిందో, ఏది మొదటి నుంచీ మనదో తెలుసుకోకుండా నవ్వడమే నాకు కష్టంగా ఉంటాది.

పళవేర్కాడు చేరేసరికి పది దాటింది. ఇంగ్లీషోళ్ళ నోట పులికాట్ అయిన ఈ ఊరికి తెలుగులో ప్రళయకావేరి అని పేరు. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు చదివినోళ్ళకు ఈ సరస్సు చుట్టూ ఉండే మాట కొత్త కాదు. సరస్సు ఎక్కువ భాగం ఆంధ్రలో ఉండాది, దక్షిణపు కొస ఈ పక్క. డచ్చివాళ్ళు ఇక్కడ 1613లో గెల్డ్రియా కోట కట్టినారు. అప్పటికి ఈ తీరం విజయనగరపు వేంకటపతి రాయల ఏలుబడిలోది. ఇప్పుడు కోట అంటే ముళ్ళచెట్లూ, అగడ్త గుర్తులూ, అంతే. డచ్చి సమాధుల తోట మాత్రం బాగుంది, పురావస్తు శాఖ చూసుకుంటా ఉండాది. దాని వాకిలి రెండు పక్కలా ఎముకల గూళ్ళు చెక్కినారు. మా పాప ఆ రోజు ఫోను పక్కన పెట్టి చూసింది వాటినే.

ఇక్కడినుంచి రంగుల గుడ్డలు ఓడల్లో పోయినాయని అందరూ గొప్పగా చెప్తారు. కరువు ఏళ్ళలో మనుషుల్ని కూడా బానిసలుగా ఎక్కించి పంపినారని తక్కువమంది చెప్తారు. మామ రెండూ చెప్పినాడు. అబ్రహాం రొజేరియస్ అనే డచ్చి పాదిరి ఇక్కడ పదేళ్ళు ఉండి, పద్మనాభుడు అనే బ్రాహ్మణుణ్ణి అడిగి తెలుసుకున్న సంగతులతో పుస్తకం రాశాడు. 1651లో అచ్చయింది. భర్తృహరి సుభాషితాలు యూరపుకు మొదట చేరింది ఆ పుస్తకంలోనే. బెజవాడ అబ్బాయి ఇక్కడ మొదటిసారి "నిజమా?" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మామ సత్యవేడు మాట ఎత్తినాడు. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం హద్దులు మార్చినప్పుడు చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు పోయినాయి, చిత్తూరు జిల్లా తిరుత్తణి మద్రాసుకు వచ్చింది. పొన్నేరి, మింజూరు ఈడనే ఉండిపోయినాయి. మామ మేనత్తలు ఇద్దరు. ఒకామెను సత్యవేడు పక్క ఇచ్చినారు, ఇంకొకామెను పొన్నేరి పక్క. ఒకే పొయ్యి కాడ పెరిగినోళ్ళు. ఆమె మనవళ్ళు తెలుగులో పరీక్షలు రాసినారు, ఈమె మనవళ్ళకు అక్షరాలు రావు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి పరీక్ష కాడికి వచ్చేసరికి మైనారిటీ భాషల పిల్లోళ్ళు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కినారు. తప్పంతా చట్టం మీద వేసేస్తే నాకు సులువుగా ఉంటాది. కానీ మా పాపతో ఇంట్లో తమిళం మాట్లాడింది చట్టం కాదు, నేను. బళ్ళో వెనకబడుతుందేమోనని భయపడి మొదలుపెట్టినాను, తర్వాత అదే అలవాటైపోయింది. తమిళం రావడం వల్ల దానికి నష్టమేమీ కాలేదు. దాంతో పాటు ఏరు అనే మాట కూడా ఇచ్చుండొచ్చు, నేను ఇవ్వలేదు.

ఒంటిగంటకు ఇంటికి చేరినాము. తిరుప్పాలైవనం గుడి చూడాలనుకుంటిమి, ఎండకు మామ వద్దన్నాడు. భోజనాల కాడ అల్లుడు "తాతగారూ, కయ్య అంటే మడేనా, తేడా ఉందా?" అని అడిగి ఫోనులో రాసుకున్నాడు. మామ చెయ్యి కడుక్కోకుండానే విస్తరి మీద గీత గీసి, గట్లు ఎక్కడ వస్తాయో, నీళ్ళు ఏ కయ్య నుంచి ఏ కయ్యకు దిగుతాయో చూపించినాడు. పాప పక్కనే కూచుని చూసింది. వచ్చే ఆదివారం తిరుప్పాలైవనం. ఆటో మాట్లాడేశాడు.