గాడిద ఊరేగింపు నుంచి వాట్సాప్ గ్రూపు దాకా

సికింద్రాబాద్ ప్యాట్నీ సెంటర్‌లో రెడ్ సిగ్నల్ పడిందంటే కానిస్టేబుల్ చేతిలో కెమెరా లేస్తుంది. హెల్మెట్ లేని బండి మీద వెనక కూర్చున్నవాళ్ల చెయ్యి నంబర్ ప్లేటు మీదికి జారుతుంది. చున్నీ కొంగో, అరచెయ్యో, ఏదీ అందకపోతే కాలో అడ్డం పెడతారు. అయినా క్లిక్‌మందంటే ఈ-చలానా వచ్చేస్తుంది, బండితోపాటు మనిషి బొమ్మతో సహా. దాన్ని తప్పుపట్టడానికి లేదు, అది సాక్ష్యం. అదే బొమ్మను పదిమందికీ చూపించి నవ్వించారంటే మాత్రం అది శిక్ష అవుతుంది. ఆ శిక్ష వేసే అధికారం ఎవరిచ్చారు?

తప్పు చేసినవాణ్ణి ఊరందరికీ చూపించడం మనకు కొత్త కాదు. గుండు గొరిగి, సున్నపు బొట్లు పెట్టి, గాడిదెక్కించి ఊరేగించడం పాత పంచాయితీల తీర్పు. ఆ గాడిద మీద దొరగారి కొడుకును కూర్చోబెట్టిన ఊరి పేరు నేనెక్కడా వినలేదు. బట్టలూడదీసో, ముఖానికి రంగు పూసో దళితులను, గిరిజనులను ఊరేగించడాన్ని 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేకంగా నేరమని రాయాల్సి వచ్చిందంటే, ఊరేగింపు బరువు ఎవరి మీద పడిందో తెలుస్తూనే ఉంది.

కెమెరా పోలీసుల చేతికొచ్చాక దానికి పగ్గం వేసింది తెల్లదొరలే కావడం విచిత్రం. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం ప్రకారం ఫొటో తీయాలంటే తగిన నేరంలో శిక్ష పడైనా ఉండాలి, లేదా మేజిస్ట్రేటు ఆదేశమైనా ఉండాలి. అంతకుముందు పెద్ద శిక్ష పడనివాడు నిర్దోషిగా బయటపడితే, కోర్టు వద్దంటే తప్ప, ఆ ఫొటోలను నెగెటివ్‌లతో సహా ధ్వంసం చేయాలి, లేదా అతని చేతికే ఇచ్చేయాలి. దాని స్థానంలో 2022లో వచ్చిన చట్టం రికార్డులను 75 ఏళ్లు దాచుకోనిస్తోంది. ఏ చట్టమూ వాటిని గోడకు అంటించమనలేదు.

మన జంట నగరాల్లో ఈ ముచ్చట పూలదండల దాకా వెళ్లింది. 2014లో రోడ్డు పక్కన మూత్రానికి నిలబడ్డవాళ్ల మెడలో హైదరాబాద్ పోలీసులు దండలు వేశారు. చూసినవాళ్లు నవ్వుకున్నారు. దగ్గర్లో మూత్రశాల ఉందా అన్నది దండ వేసే ముందు అడగాల్సిన ప్రశ్న.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. వీధిలోకి అడుగుపెట్టినంత మాత్రాన మనిషి ఆ హక్కును ఇంట్లో వదిలి రాడని కూడా చెప్పింది. దీని పదును 2020 మార్చిలో లక్నోలో కనిపించింది. పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనల్లో ఆస్తులు ధ్వంసం చేశారంటూ కొందరి పేర్లు, ఫొటోలు, చిరునామాలతో ప్రభుత్వం కూడళ్లలో హోర్డింగులు పెట్టింది. అలహాబాద్ హైకోర్టు ఎవరూ పిటిషన్ వేయకుండానే ఆదివారం పూట కూర్చుని విచారించి, మర్నాడు వాటిని తీసేయమంది. ఏ చట్టం చూసి పెట్టారన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. సుప్రీంకోర్టు కూడా స్టే ఇవ్వకుండా విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది.

మన దగ్గర 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారని ఆయన ముఖ గుర్తింపు సాంకేతికతపై తెలంగాణ హైకోర్టుకెక్కారు. 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది.

ఇక పోలీసు కాని మనం. రోడ్డు మీద ఫొటో తీయడాన్ని ఏ చట్టమూ మొత్తంగా నిషేధించలేదు. దాన్ని నలుగురిలో పెట్టి పరువు తీస్తే మాత్రం చిక్కే. నిజమే చెప్పానంటే క్రిమినల్ పరువునష్టం కేసులో సరిపోదు, అది ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి. రాంగ్‌రూట్‌లో వచ్చినవాణ్ణి వదిలేయమని కాదు నేననేది. నంబరు, చోటు, సమయం కనిపించేలా ఫొటో తీసి ట్రాఫిక్ పోలీసులకు పంపండి. వెనక సీట్లో కూర్చున్న అతని కూతురి ముఖంతో సహా కాలనీ గ్రూపులో మాత్రం పెట్టకండి.