పాత పేరుతో వెతికితే దొరికే కువైట్

అక్కా, 1990లో మనవాళ్లు కువైట్ నుంచి ఎట్లా బయటపడ్డారో పిల్లలకి చూపిద్దామని గూగుల్‌లో ఇంగ్లీషులో "కువైట్ ఎయిర్‌లిఫ్ట్" అని కొట్టి చూడండి. ముందు అక్షయ్ కుమార్ వస్తాడు. 2016లో వచ్చిన సినిమా అసలు కథకి అడ్డంగా నిలబడింది.

దాన్ని పక్కకి జరపడం తేలికే. ఒక ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి, దానికి ఆనించి "అక్షయ్" అనీ, మళ్లీ అట్లాగే "మూవీ" అనీ కొట్టండి. ఆ మాటలున్న పేజీలు చాలావరకు పోతాయి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగడం, జనం బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరడం, అక్కడినుంచి బొంబాయికి 59 రోజుల్లో ఎయిరిండియా 488 విమానాలు, లక్షా 70 వేలమందికి పైగా మనుషులు.

అందులో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లని వెతకడమే కష్టం. ఇప్పటి మాట "డొమెస్టిక్ వర్కర్"; కువైట్ 2015లో 68వ చట్టం చేసింది వీళ్లకోసమే. అప్పటి పేపర్లలో "మెయిడ్", "సర్వెంట్" అని ఉంటుంది. వినడానికి బాగుండదు గానీ, వెతికేటప్పుడు ఆ మాటలే కొట్టాలి. రెండు మాటల మధ్య పెద్దక్షరాల్లో ఓ, ఆర్ పెడితే ఏది ఉన్నా చూపిస్తుంది.

ఊరి పేరూ అంతే. కడప స్పెల్లింగు మారింది 2005లో. అంతకుముందు సి.యు.డి.డి.ఎ.పి.ఎ.హెచ్. ఈ రెండూ కలిపి వెతక్కపోతే మన జిల్లా సగం చరిత్ర కనబడదు.

ఆమాటకొస్తే కువైట్‌కీ పాత స్పెల్లింగుంది: కె.ఓ.డబ్ల్యు.ఇ.ఐ.టి. 1899లో షేక్ ముబారక్ బ్రిటిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నప్పటి కాగితాల్లో ఇట్లాగే రాశారు. ఆ కాలపు ఫైళ్లు ఖతర్ డిజిటల్ లైబ్రరీలో ఊరికే చదవొచ్చు. "సైట్" అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా క్యు.డి.ఎల్. డాట్ క్యు.ఎ. అని రాసి, పక్కన పాత పేరూ "రుపీ" అనే మాటా కొట్టండి. ఎందుకంటే ఇక్కడ ఒకప్పుడు నడిచింది మన రూపాయే! బంగారం స్మగ్లింగు ఎక్కువై 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్‌కి వేరే రూపాయి తెచ్చింది. 1961లో దినారు వచ్చింది, 13 రూపాయల చిల్లరకి ఒకటి.

మీ అవ్వదో అమ్మదో పాత పాస్‌పోర్టు ఇంట్లో పెట్టెలో ఉంటే, ఊరి పేరు దానిమీద ఏ అక్షరాలతో ఉందో ఫోటో తీసి పంపమనండి. ఆ స్పెల్లింగుతోనే మొదలుపెట్టండి.