పనికి వచ్చిన సొగసు

సొగసును, సౌకర్యమును ఒకచోట ఇమడవని మనము తరచుగా అనుకొనుచుందుము. ఆ అభిప్రాయమును కత్తెరతోనే ఖండించిన అమెరికా వనిత క్లేర్ మెకార్డెల్‌ను నేడు స్మరింతము.

ఆమె 1905లో మేరీలాండ్ రాష్ట్రమున జన్మించినది. ఆనాటి అమెరికా దుస్తుల వర్తకులు పెక్కుమంది పారిస్ నమూనాలనే అనుకరించెడివారు. ఆమె మాత్రము నడచుచు, పనిచేయుచు, ఆటలాడు స్త్రీలను చూచి దుస్తులు కత్తిరించినది. ఒంటితోపాటు సాగెడి ఉన్ని జెర్సీ అల్లికబట్ట ఆమెకు ప్రియమైనది. 1938 నాటి ‘మొనాస్టిక్’ గౌను భుజములనుండి వదులుగా జారును. ధరించినవారు నడికట్టు బిగించుకొన్నపుడే దానికి నడుము ఏర్పడును.

యుద్ధకాలమున పనిమనుషులు కర్మాగారములకు తరలగా, గృహిణులు ఇంటిపనికి తామే పూనుకొనిరి. వారికొరకు 1942లో ‘పాపోవర్’ వెలువడినది. చుట్టి కట్టుకొను ఈ గౌనుకు పెద్ద జేబును, జతగా వేడి గిన్నెలు పట్టుటకు చేతితొడుగును ఉండెను. వెల 6.95 డాలర్లు. వంటయింటినుండి వచ్చి అతిథుల నెదుర్కొనుటకును అది తగియుండెను.

1955లో ‘టైమ్’ పత్రిక ఆమె చిత్రమును ముఖపత్రమున ప్రకటించినది. 1958లో, 52 ఏండ్లకే, ఆమె మరణించినది. మగవాని చొక్కాకు అడుగకనే అమరు జేబు నేటికిని అనేక స్త్రీల దుస్తులకు లేదు. ఆమె మొదలిడిన పని ముగియలేదని మనకు తోచును.