నెలసరి ఆగే వయసులో కార్టిసాల్ సంగతి

నెలసరి వరుసగా 12 నెలలు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో చాలామందికి ఇది 46, 47 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజన్ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం అందుకే.

కార్టిసాల్ కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే స్ట్రెస్ హార్మోన్. పొద్దున లేచిన అరగంటకు బాగా పెరిగి, అర్ధరాత్రికి తగ్గిపోవాలి. అమెరికాలోని సియాటిల్‌లో నడివయసు ఆడవాళ్లను ఏళ్ల తరబడి పరిశీలిస్తే, నెలసరి ఆగబోయే చివరి దశలో కొందరికి రాత్రిపూట కార్టిసాల్ పెరిగింది. ఆవిర్లు కూడా వాళ్లకే ఎక్కువ. చెమటకు నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే టెన్షన్. "అమ్మీకి ఈమధ్య కోపం ఎక్కువైంది" అని ఇంట్లో అనుకునేది చాలాసార్లు ఇదే.

థైరాయిడ్ తేడా వచ్చినా ఇలాగే ఉంటుంది, కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించడం మంచిది. కార్టిసాల్ టెస్ట్ మాత్రం డాక్టర్ రాస్తేనే.

ఏడాది ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే, నమాజు, రోజా మసలా ఆలిమ్ సాబ్‌ను అడిగి కొందరు ఊరుకుంటారు. మసలా అడగాల్సిందే. కానీ ఒక్క చుక్క కనిపించినా గైనకాలజిస్టుకు చూపించాలి. అది గర్భాశయ క్యాన్సర్‌కు మొదటి గుర్తు కావచ్చు.