టూరింగ్ కారు (రేడియో నియంత్రిత నమూనా)

అసలు రేసు కారును పదో వంతుకు కుదించి, తారు మీదో తివాచీ ట్రాక్ మీదో నడిపే బ్యాటరీ కారు ఇది. ఆటబొమ్మకూ దీనికీ తేడా ఒక్కటే: ఇందులో ప్రతి భాగమూ విడిగా ఊడుతుంది, విడిగా దొరుకుతుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం సుమారు 257 మి.మీ. జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా సంస్థ 2013లో తెచ్చిన టీటీ-02 చాలామందికి తొలి కారు. ఒకే షాఫ్టు నాలుగు చక్రాలనూ తిప్పుతుంది.

కొత్తవాళ్లు ముందు మోటారు మారుస్తారు. అది తొందరపాటు. మొదట పోవాల్సినవి ప్లాస్టిక్ బుష్‌లు. వాటి చోట బాల్ బేరింగులు వేస్తే రాపిడి, అరుగుదల తగ్గుతాయి. తర్వాత సిలికాన్ నూనె డ్యాంపర్లు. బ్రష్‌లెస్ మోటారు ఆ పైమాట.

మోటారును ముందుకూ వెనక్కూ జరిపే వీలున్న కార్లలో పినియన్‌కూ పెద్ద పళ్లచక్రానికీ మధ్య సన్నని కాగితపు ముక్క పెట్టి మోటారు బిగిస్తారు. చక్రం తిప్పితే కాగితం మడతలు పడి బయటికి రావాలి, చిరగకూడదు. చిరిగిందంటే బిగువు ఎక్కువైనట్టే.

తారు మీద నేలకూ అడుగుభాగానికీ 5–6 మి.మీ. ఎడం, చక్రాలకు 1–2 డిగ్రీల లోవంపు మంచి ఆరంభం. టైరు లోపలి అంచు ముందుగా అరిగితే వంపు తగ్గించాలి.

లిథియం పాలిమర్ బ్యాటరీని పక్కన పెట్టేటప్పుడు సెల్లుకు సుమారు 3.8 వోల్టులు ఉంచాలి.